సూట్‌కేసులో పట్టే ముద్రణశాల

కళల ద్వారా సమాజాన్ని మార్చాలన్న సంకల్పంతో ఏటా ప్రపంచంలో ఏదో ఒక మూల అంతర్జాతీయ సమావేశం జరుగుతూనే ఉంటుంది. పది దేశాల నుంచి కవులు, నటులు, గాయకులు, చిత్రకారులు వస్తారు. నాలుగైదు రోజులు పాటలు, నాటకాలు, చర్చలు, ఆఖరి రోజున ఒక ప్రకటన. ఆ తర్వాత మెడలో బ్యాడ్జీలు తీసేసి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. దీనివల్ల ఎవరి బతుకు మారిందని అడిగితే నిర్వాహకులు వచ్చినవాళ్ల లెక్క చెప్తారు, గిట్టనివాళ్లు అయిన ఖర్చు లెక్క చెప్తారు. ఈ రెండు లెక్కలూ ప్రశ్నకి జవాబు కావు. ఇలాంటి సమావేశాలకి సమాజాన్ని కదిలించే శక్తి ఉందనే నా అభిప్రాయం. అయితే ఆ శక్తి వేదిక ముందు కూర్చున్న ప్రేక్షకుల ద్వారా పనిచేస్తుందని మాత్రం అనుకోను. అది వచ్చిన కళాకారుల ద్వారా పనిచేస్తుంది. ఎవరు ఎవరిని కలిశారు, ఏ పని నేర్చుకున్నారు, తిరిగి వెళ్లాక ఎవరికి జవాబుదారీగా ఉన్నారు అన్నదాన్ని బట్టి ఫలితం ఉంటుంది. ఈ మాట నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి 1982 జులైలో బోట్స్‌వానా రాజధాని గాబరోన్‌లో జరిగిన సమావేశం బాగా పనికొస్తుంది. దాని ఫలితాలు ఎక్కడెక్కడికి పాకాయో పేర్లతో, ఊళ్లతో సహా చెప్పుకోవచ్చు.

అప్పటికి పొరుగునున్న దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ప్రభుత్వ విధానమై మూడు దశాబ్దాలు దాటింది. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ 1960 నుంచి నిషేధంలో ఉంది. 1976 జూన్ 16న సొవెటోలో, ఆఫ్రికాన్స్ భాషలో పాఠాలు తప్పనిసరి చేయడాన్ని కాదంటూ బడిపిల్లలు వీధుల్లోకి వస్తే పోలీసులు కాల్పులు జరిపారు. ఆ తర్వాత వేలమంది యువకులు సరిహద్దులు దాటిపోయారు. వాళ్లలో కొందరు చేరిన చోటు గాబరోన్. దక్షిణాఫ్రికా సరిహద్దుకి ఆ ఊరు పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. కవి మొంగానే వాలీ సెరోటే, చిత్రకారుడు థామీ మ్న్యేలే లాంటి ప్రవాసులు 1970ల చివర్లో అక్కడ ‘మెడూ ఆర్ట్ ఎన్సాంబుల్’ అనే బృందాన్ని కట్టారు. దక్షిణాఫ్రికా వాళ్లతో పాటు బోట్స్‌వానా వాళ్లు, అమెరికా, ఐరోపాల నుంచి వచ్చినవాళ్లు కూడా అందులో ఉన్నారు. చిత్రకళ, సంగీతం, నాటకం, ఫొటోగ్రఫీ, ప్రచురణ, ఇలా ఒక్కో పనికి ఒక్కో విభాగం. పోస్టర్లు వేసి, గుట్టుగా సరిహద్దు దాటించేవారు.

మెడూ జరిపిన 1982 సమావేశానికి ఈ ఊరే ఎందుకన్నది ముఖ్యమైన సంగతి. ప్రవాసులు స్వదేశంలో అడుగుపెడితే అరెస్టు. లోపల ఉన్నవాళ్లు నిషేధిత సంస్థ మనుషుల్ని బాహాటంగా కలవలేరు. అదే సమావేశం లండన్‌లో పెడితే జొహానెస్‌బర్గ్ మురికివాడలోని నాటకాల కుర్రాడు విమానం టికెట్టు కొనుక్కోలేడు. గాబరోన్‌కైతే పాస్‌పోర్టు ఉన్నవాడు కారులో ఒక్క పూటలో చేరుకుంటాడు. విడిపోయి ఉన్న రెండు సగాలు కలుసుకోగల స్థలాల్లో అందుబాటు ఖర్చులో ఉన్నది అదే. అంతర్జాతీయం అనే మాటకి ఇక్కడ ప్రపంచమంతా తరలిరావడం అని అర్థం కాదు. ఒక దేశం తన గడ్డ మీద తనతో తాను మాట్లాడుకునే వీల్లేనప్పుడు పక్క దేశం గది అద్దెకిచ్చిందన్నమాట. ఇది చాలా సమావేశాల్లో కనిపించని సుగుణం. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారన్నదానికంటే, ఇంకెక్కడా కలవలేనివాళ్లు కలిశారా అన్నదే నా దృష్టిలో మొదటి పరీక్ష.

జులై 5 నుంచి 9 దాకా బోట్స్‌వానా విశ్వవిద్యాలయంలో చర్చలు, కచేరీలు, నాటకాలు జరిగాయి. జాతీయ మ్యూజియంలో దక్షిణాఫ్రికా కళాకారుల చిత్రాల, ఛాయాచిత్రాల ప్రదర్శన. పాల్గొన్నవాళ్లలో డికోబే వా మొగాలే అనే యువ చిత్రకారుడు, కవి ఒకరు. తర్వాత ఆయన జైలుకి వెళ్లారు, వర్ణవివక్ష పాలన పోయాక బెన్ మార్టిన్స్ పేరుతో మంత్రి కూడా అయ్యారు. అబ్దుల్లా ఇబ్రహీం, హ్యూ మసెకెలా సంగీతం వినిపించారు. రచయిత్రి నదీన్ గోర్డిమర్ వచ్చారు, ఫొటోగ్రాఫర్ డేవిడ్ గోల్డ్‌బ్లాట్ వచ్చారు. పేర్లు గొప్పవే, కానీ అసలు సరుకు వేరే చోట ఉంది. గ్యాలరీ గోడలకి తగిలించిన బొమ్మని నల్లవాళ్ల వాడలైన టౌన్‌షిప్‌ల మనుషులు ఎప్పుడు చూస్తారు? కొనేది తెల్లవాళ్లే అయినప్పుడు నల్ల చిత్రకారుడు ఎవరి కోసం గీస్తున్నట్టు? ఒంటరిగా పనిచేసే అలవాటు మానుకుని సంఘంగా ఎలా పనిచెయ్యాలి? కళాకారుడన్న హోదా వదిలేసి తమని తాము సాంస్కృతిక కార్యకర్తలు అనుకోవాలని అక్కడ చాలామంది వాదించారు. మన దగ్గర కళ ఎవరి కోసం అన్న చర్చ ఎరిగినవాళ్లకి ఈ వాదం వింత అనిపించదు. సంస్కృతి పోరాటంలో ఆయుధం అన్నది అక్కడి నినాదం. తిరిగి వెళ్లి ఎవరి ఊళ్లో వాళ్లు సంఘాలు కట్టండి, వచ్చిన విద్యని ఇతరులకి నేర్పండి అన్నది సమావేశం అప్పజెప్పిన పని.

వెళ్లినవాళ్లు నిజంగానే ఆ పని చేశారు, అందుకే ఈ ఐదు రోజుల గురించి ఇప్పటికీ మాట్లాడుకోవాల్సి వస్తోంది. అదే ఏడాది ఒమర్ బాద్షా, పాల్ వైన్‌బర్గ్ మరికొందరితో కలిసి ‘ఆఫ్రాపిక్స్’ అనే ఫొటోగ్రాఫర్ల సహకార బృందాన్ని మొదలుపెట్టారు. పత్రికాధిపతులకి జీతగాళ్లుగా కాక, తీసిన ఫొటోల మీద తమకే హక్కుండేలా, వాటిని దేశం లోపలా బయటా పంచేలా ఏర్పాటు చేసుకున్నారు. 1980ల్లో ఆ దేశంలో జరిగిన అంత్యక్రియల ఊరేగింపులు, సమ్మెలు, పోలీసు దాడుల గురించి బయటి ప్రపంచం చూసిన ఫొటోల్లో ఎన్నో ఈ బృందానివే. కేప్‌టౌన్‌లో అప్పటికే నడుస్తున్న కమ్యూనిటీ ఆర్ట్స్ ప్రాజెక్టులో పోస్టర్ల వర్క్‌షాపు మొదలైంది. 1983లో జొహానెస్‌బర్గ్‌లో ‘స్క్రీన్ ట్రెయినింగ్ ప్రాజెక్ట్’ పుట్టింది. ఈ రెండూ పోస్టర్లు అచ్చువేసి పంచే దుకాణాలు కావు. సంఘాలవాళ్లు తమ మనుషుల్ని పంపితే వాళ్లకి పని నేర్పేవి. పోస్టరు ఎవరికి కావాలో వాళ్లే వచ్చి గీసుకుని, వాళ్లే అచ్చొత్తుకుని వెళ్లాలన్నది అక్కడి నియమం.

ఎంచుకున్న పద్ధతి గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే కిటుకంతా అందులోనే ఉంది. స్క్రీన్ ప్రింటింగ్ మన ఊళ్లలో పెళ్లి పత్రికలకీ, బట్టల సంచుల మీది అచ్చుకీ వాడుతున్నదే. చెక్క ఫ్రేముకి సన్నటి జాలీ గుడ్డ బిగిస్తారు. రంగు దిగకూడని చోట రంధ్రాలు పూడుస్తారు. కింద కాగితం పెట్టి పైన రంగు పోసి రబ్బరు పట్టీతో లాగుతారు. కరెంటు లేకపోయినా నడుస్తుంది, పెద్ద యంత్రం అక్కర్లేదు, రెండు రోజుల్లో నేర్పవచ్చు. ఆఫ్‌సెట్ ప్రెస్సులో ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఒక్క కాగితం అచ్చువేస్తే ప్రెస్సు యజమాని లోపలికి వెళ్తాడు, యంత్రం జప్తు అవుతుంది. ఫ్రేము పోతే ఇంకో ఫ్రేము బిగించుకుంటారు. మెడూ వాళ్లు ఒక సూట్‌కేసులో పట్టేలా ఈ సరంజామా అంతా అమర్చి, ఎలా వాడాలో సూచనలతో సహా టౌన్‌షిప్‌లకి చేర్చాలన్న ఆలోచన కూడా చేశారు. బొమ్మ పంపడం కంటే బొమ్మ వేసే పరికరం పంపడం మేలన్న ఈ ఎరుక గొప్పది. 1983 ఆగస్టు 20న కేప్‌టౌన్ శివారు మిచెల్స్ ప్లెయిన్‌లో వర్ణవివక్షని ఎదిరించే వందల సంఘాల కూటమిగా యునైటెడ్ డెమోక్రటిక్ ఫ్రంట్ ఆవిర్భవించింది. ఆ తర్వాతి కాలంలో అద్దెల బహిష్కరణకీ, కార్మిక సంఘం సభకీ, మహిళా దినానికీ గోడల మీద పోస్టర్లు కనిపించాయి. వాటిలో ఎన్నో ఇలాంటి వర్క్‌షాపుల్లో తయారైనవే. ఆ పోస్టర్లలో పెద్దగా కళానైపుణ్యం లేనివి చాలానే ఉన్నాయి. అక్షరాలు వంకరపోయినవి, రంగు చెదిరినవి. అచ్చు వేసింది బట్టల మిల్లు కార్మికులో, హైస్కూలు పిల్లలో అయినప్పుడు అలాగే ఉంటాయి.

ఇప్పుడు దీని పక్కన మరో ఉత్సవాన్ని పెట్టి చూద్దాం. గాబరోన్‌కి ఐదేళ్ల ముందు, 1977 జనవరి 15 నుంచి ఫిబ్రవరి 12 దాకా నైజీరియాలోని లాగోస్‌లో నల్లజాతి, ఆఫ్రికా కళల రెండో ప్రపంచ మహోత్సవం జరిగింది. దాన్ని ఫెస్టాక్ అంటారు. 1966లో సెనెగల్ అధ్యక్షుడు, కవి లియోపోల్డ్ సెంగోర్ డకార్‌లో జరిపిన మొదటి ఉత్సవానికి ఇది కొనసాగింపు. చమురు ధర పెరిగి నైజీరియా ఖజానా నిండుగా ఉన్న రోజులు. యాభైకి పైగా దేశాల నుంచి సుమారు 16 వేలమంది వచ్చారు. వాళ్ల కోసం ఒక కాలనీయే కట్టారు, ఇప్పటికీ అది ఫెస్టాక్ టౌన్ పేరుతో లాగోస్‌లో ఉంది. కొత్తగా జాతీయ రంగశాల లేచింది. ఉత్సవ చిహ్నంగా 16వ శతాబ్దపు బెనిన్ రాజమాత ఇడియా దంతపు ముఖాన్ని ఎంచుకున్నారు. 1897లో బ్రిటిష్ సైన్యం బెనిన్‌ని కొల్లగొట్టినప్పుడు పోయిన వస్తువుల్లో అదొకటి. ఉత్సవం వరకైనా ఇవ్వమని అడిగితే, కదిపితే పాడవుతుందని బ్రిటిష్ మ్యూజియం ఒప్పుకోలేదు. నైజీరియా శిల్పులు నకలు చెక్కారు. దోచుకున్న కళాఖండాల్ని తిరిగివ్వాలన్న వాదానికి ఆ నిరాకరణ చేసినంత ప్రచారం ఉత్సవంలోని ఏ ఉపన్యాసమూ చేసి ఉండదు.

అదే లాగోస్‌లో, దేశంలోకెల్లా పేరున్న గాయకుడు ఫేలా కుటి ఫెస్టాక్‌ని బహిష్కరించారు. సైనిక ప్రభుత్వం జరిపే ఈ పండగ ప్రజల పేరు చెప్పి చేసే దుబారా అన్నారు. తన సొంత క్లబ్బు ‘ష్రైన్’లో రాత్రుళ్లు కచేరీలు పెడితే, ఉత్సవానికి వచ్చిన విదేశీ సంగీతకారులు అక్కడికి వెళ్లి విన్నారు. సైనికుల గుడ్డి విధేయతను ఎగతాళి చేసిన ఆయన ‘జాంబీ’ పాట అప్పటికే జనం నోళ్లలో ఉంది. ఫెస్టాక్ ముగిసిన ఆరు రోజులకి, ఫిబ్రవరి 18న, వందల సంఖ్యలో సైనికులు ఫేలా ఇంటిని చుట్టుముట్టి తగలబెట్టారు. ఆయన తల్లి ఫున్మిలాయో రాన్సమ్ కుటిని కిటికీలోంచి తోసేశారు. 1940ల్లో స్త్రీల మీద వేసిన పన్నుకి వ్యతిరేకంగా మార్కెట్ స్త్రీలను కూడగట్టిన నాయకురాలామె. మరుసటి ఏడాది మరణించారు. నెల రోజుల పాటు ఆఫ్రికా సంస్కృతిని నెత్తిన పెట్టుకున్న ప్రభుత్వం, తన ఊరి గాయకుణ్ణి వారం కూడా భరించలేకపోయింది.

ఇది చూసి ఫెస్టాక్ అంతా వృథా అనడం తొందరపాటు. బ్రెజిల్ నుంచి, కరీబియన్ దీవుల నుంచి, అమెరికా నుంచి వచ్చిన వేలమందికి, తమ పూర్వీకులు సంకెళ్లతో దాటిన సముద్రాన్ని అతిథులుగా తిరిగి దాటడం చిన్న సంగతి కాదు. ఆత్మగౌరవం కూడా సామాజిక మార్పులో భాగమే. ప్రభుత్వం డబ్బు పెట్టింది కాబట్టే చెడిందనడం కూడా సరికాదు. 1969 జులైలో అల్జీరియా ప్రభుత్వం జరిపిన పాన్ ఆఫ్రికన్ ఉత్సవంలో అంగోలా, మొజాంబిక్, గినీ బిసావు విముక్తి ఉద్యమాలకి చోటు దొరికింది, అక్కడే డకార్ ఉత్సవం వెనకున్న సెంగోర్ భావజాలం మీద ఘాటైన విమర్శ కూడా వచ్చింది. తేడా ఎక్కడుందంటే, పిలిచినవాణ్ణి ప్రశ్నించే వీలు ఉందా లేదా అన్నచోట. లాగోస్‌లో అది లేదు. ఇంకో తేడా కూడా ఉంది. లాగోస్‌కి వచ్చినవాళ్లు దేశాల ప్రతినిధి బృందాలుగా వచ్చారు, ఇంటికెళ్లాక వాళ్లు ఏం చెయ్యాలన్నది ఎవరూ అడగలేదు. గాబరోన్‌కి వెళ్లినవాళ్లని వాళ్ల వాడ అడిగింది.

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించేవాళ్లు ఒక అభ్యంతరం లేవదీస్తారు. 1980ల్లో దక్షిణాఫ్రికా ఎలాగూ రగులుతోంది, పోస్టర్లూ ఫొటోలూ గాబరోన్ లేకపోయినా వచ్చేవి కదా అంటారు. నిజమే, సమావేశం విప్లవాన్ని పుట్టించలేదు. ఈ తర్కాన్ని ఇంకా బలంగా పరీక్షించడానికి కొలంబియాలోని మెడయీన్ దగ్గరికి వెళ్లాలి. 1991లో ఆ ఊళ్లో హత్యల రేటు లక్ష జనాభాకి 380 దాకా ఉండేది. మాదకద్రవ్యాల ముఠాల భయానికి జనం చీకటి పడితే బయటికి రావడం మానేసిన ఏడాదే, ఫెర్నాందో రెందోన్, ‘ప్రొమెతేయో’ అనే కవిత్వ పత్రికలోని ఆయన మిత్రులు అక్కడ కవిత్వ ఉత్సవం మొదలుపెట్టారు. తర్వాత అది అంతర్జాతీయమైంది. కవులు పార్కుల్లో, పేటల్లో, కొండ మీది ఆరుబయలు రంగస్థలంలో చదువుతారు, వేలమంది కూర్చుని వింటారు. 2006లో ఆ ఉత్సవానికి రైట్ లైవ్లీహుడ్ పురస్కారం వచ్చింది. 1991 తర్వాతి రెండు దశాబ్దాల్లో ఆ ఊళ్లో హత్యలు ఎన్నో రెట్లు తగ్గాయి. ఉత్సాహవంతులు ఈ రెండింటినీ ముడిపెట్టి రాస్తుంటారు, నేనైతే ముడిపెట్టను. 1993 డిసెంబరులో మాదకద్రవ్యాల ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ పోలీసుల చేతిలో చనిపోయాడు. 2002లో సైన్యం పేటల్లోకి దిగింది, దాని మీద తీవ్రమైన మానవ హక్కుల ఆరోపణలు ఉన్నాయి. ముఠాల మధ్య, పారామిలిటరీల మధ్య ఆధిపత్యాలు మారాయి. 2004 నుంచి కొండపేటలకి తీగమార్గంలో నడిచే ప్రజా రవాణా వచ్చింది, గ్రంథాలయాలు కట్టారు. ఇన్ని కారణాల మధ్య కవిత్వం వాటా ఇంత అని తేల్చడానికి తూకం లేదు.

అయితే తూకం లేకపోవడం వల్ల బరువు లేదని కాదు. మెడయీన్ కవులు హంతకుల మనసు మార్చామని చెప్పుకుంటే నవ్వొస్తుంది. భయపడి తలుపులు మూసుకున్న వేలమందిని ఒకే చోట, ఆరుబయట, రాత్రిపూట కూర్చోబెట్టామని చెప్పుకుంటే ఒప్పుకోక తప్పదు, ఎందుకంటే అది కళ్లముందు జరిగింది. గాబరోన్ విషయంలోనూ మనం చెప్పగలిగింది అంతే. వర్ణవివక్షని ఐదు రోజుల సమావేశం కూల్చలేదు. ఆఫ్రాపిక్స్‌కీ, పోస్టర్ల వర్క్‌షాపులకీ మాత్రం అక్కడి మాటలు బీజం వేశాయి. ఆ వర్క్‌షాపులు పోరాటానికి గొంతునీ ముఖాన్నీ ఇచ్చాయి. ఈ గొలుసులో ప్రతి కొక్కేన్నీ వేలు పెట్టి చూపించగలం. చూపించలేని గొలుసుల గురించి నిర్వాహకులు మాట్లాడకుండా ఉంటే వాళ్ల గౌరవం పెరుగుతుంది.

రెండో అభ్యంతరం కళ పక్షాన నిలబడి చేసేది, నాకు బరువైనదిగా తోచేదీ అదే. కళని ఆయుధమన్న రోజునే కళ చచ్చిపోతుందని దాని సారాంశం. ఈ మాట గట్టిగా అన్నది వర్ణవివక్ష పాలకులు కాదు, ఉద్యమంలోనే తన కుడిచేతిని పోగొట్టుకున్న మనిషి. న్యాయవాది ఆల్బీ సాక్స్ 1988లో మాపూటోలో కారు బాంబు దాడిలో చెయ్యీ, ఒక కంటి చూపూ కోల్పోయారు. మరుసటి ఏడాది లుసాకాలో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అంతర్గత సదస్సుకి ఒక వ్యాసం రాశారు. సంస్కృతి పోరాటంలో ఆయుధం అనే మాటని మనవాళ్లు ఐదేళ్లపాటు అనకుండా నిషేధించుకుందాం అన్నారు. ఆయన ఫిర్యాదేమిటంటే, ఆయుధానికి సందిగ్ధత పనికిరాదు, కళకి అదే ప్రాణం. పిడికిళ్లూ తుపాకులూ తప్ప ప్రేమ, హాస్యం, బలహీనత మన కవితల్లోంచి ఎందుకు మాయమయ్యాయి అని అడిగారు. అంతకుముందే, 1984లో, రచయిత న్జబులో న్డెబెలే కూడా అణచివేత బీభత్సాన్నే పదేపదే చూపించే సాహిత్యం సామాన్యుడి రోజువారీ జీవితాన్ని మరిచిపోతోందని విమర్శించారు. సాక్స్ వ్యాసం 1990లో పత్రికకెక్కగానే పెద్ద దుమారం రేగింది. చాలామంది సాంస్కృతిక కార్యకర్తలకి కోపం వచ్చింది. వాదప్రతివాదాలన్నీ పుస్తకంగా కూడా వచ్చాయి.

సాక్స్ చెప్పింది కళ విషయంలో నిజమే అనుకుంటాను. థామీ మ్న్యేలే చిత్రాలే అందుకు సాక్ష్యం. 1970ల్లో ఆయన పెన్సిలుతో గీసిన బొమ్మల్లో కలలాంటి, కలవరపెట్టే మనుషులు కనిపిస్తారు. తర్వాత సంఘం కోసం, సులువుగా అర్థమవ్వాలని, ఆ దారిని కావాలనే వదులుకుని తేటగా గీయడం మొదలుపెట్టారు. అలా వదులుకోవడంలో ఒక నష్టం ఉంది, దాన్ని త్యాగం అని పిలిచి మరుగుపరచనక్కర్లేదు. కానీ ఈ అభ్యంతరం నినాదం మీద పనిచేస్తుంది తప్ప సమావేశం మీద పనిచేయదు. గాబరోన్‌కి వచ్చినవాళ్లందరూ ఆ నినాదాన్ని మింగినవాళ్లు కారు. కెమెరాని ఆయుధమనడం ఎప్పుడూ ఇష్టపడని గోల్డ్‌బ్లాట్ అక్కడే ఉన్నారు. ఆయనే 1989లో జొహానెస్‌బర్గ్‌లో ‘మార్కెట్ ఫొటో వర్క్‌షాప్’ పెట్టి, చదువుకునే స్తోమత లేని నల్లజాతి యువతకి ఫొటోగ్రఫీ నేర్పించారు. నినాదం విషయంలో విభేదించి, నేర్పే పనిలో కలిశారు. నినాదాలు పదేళ్లు నిలిస్తే ఎక్కువ, నేర్పిన పని మాత్రం నేర్చుకున్నవాడి చేతిలో ఉండిపోతుంది.

డబ్బు గురించిన అభ్యంతరం తెలుగువాళ్లకి కొత్తకాదు. 2003 జనవరిలో హైదరాబాద్‌లో ఆసియా సోషల్ ఫోరం, మరుసటి ఏడాది జనవరిలో ముంబయి గోరేగావ్‌లో వరల్డ్ సోషల్ ఫోరం జరిగినప్పుడు ఇదే గొడవ. ముంబయిలో డప్పులు, పాటలు, వీధి నాటకాలతో మైదానం హోరెత్తింది. అక్కడికి దగ్గర్లోనే, రోడ్డుకి అవతలివైపు, ‘ముంబయి రెసిస్టెన్స్’ పేరుతో ఇంకో సభ సాగింది. విదేశీ నిధుల స్వచ్ఛంద సంస్థల మీద ఆధారపడిన వేదిక సామ్రాజ్యవాదాన్ని ఎదిరించలేదన్నది వాళ్ల వాదన. ఆ విమర్శల ఒత్తిడి వల్ల కూడా కావచ్చు, ముంబయి నిర్వాహకులు ఫోర్డ్ ఫౌండేషన్ నిధులు తీసుకోలేదు. మెడూకి కూడా స్వీడన్ లాంటి దేశాల సాయం అందింది. అంతమాత్రాన అది స్వీడన్ బొమ్మలు వేయలేదు. డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న అడగాల్సిందే, కాకపోతే దాని వెంటనే ఎజెండా ఎవరు రాశారన్నది కూడా అడగాలి. మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతే పేదవాళ్లెవరూ సరిహద్దు దాటి ఎవర్నీ కలవకూడదన్న చోటికి చేరతాం.

పొరుగు రాజ్యం మాత్రం ఇంత తర్జనభర్జన పడలేదు. 1985 జూన్ 14 తెల్లవారుజామున దక్షిణాఫ్రికా సైన్యం సరిహద్దు దాటి గాబరోన్‌లోని ఇళ్ల మీద పడి పన్నెండుమందిని చంపింది. చనిపోయినవాళ్లలో ఒక పసివాడు కూడా ఉన్నాడు. థామీ మ్న్యేలే ఇంటి దగ్గరే కాల్పుల్లో మరణించారు. ఊరు మారడానికి సర్దిపెట్టుకున్న ఆయన చిత్రాల్ని సైనికులు పట్టుకుపోయారు. బొమ్మలంటే రాజ్యానికి ఎంత భయమో చూడండని దీన్ని చెప్పుకోవడం మామూలైంది. కానీ అది సగం నిజమే. మ్న్యేలేకీ మరికొందరికీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ సాయుధ విభాగంతో సంబంధం ఉంది, సైన్యం తన దాడికి చూపిన సాకు కూడా అదే. బొమ్మ వేసేవాడు, ఆయుధం దాచేవాడు ఒకరే అయినప్పుడు దేనికి చంపారన్నది విడదీయలేం. దాడితో మెడూ మూతపడింది, మిగిలినవాళ్లు చెల్లాచెదురయ్యారు. అయినా కేప్‌టౌన్, జొహానెస్‌బర్గ్ వర్క్‌షాపులు ఆగలేదు. అప్పటికే వాటికి గాబరోన్‌తో పనిలేదు. ఏ సమావేశం గురించైనా నాకు తెలిసిన అతి కఠినమైన పరీక్ష ఇదే: పిలిచినవాళ్లు లేకుండా పోతే, వచ్చి వెళ్లినవాళ్ల పని నడుస్తుందా?

కొన్ని సమావేశాలు ఈ పరీక్షకి ముందే సిద్ధపడి పుడతాయి. పశ్చిమ బెంగాల్‌లో సంజయ్ గంగూలీ 1985లో మొదలుపెట్టిన ‘జన సంస్కృతి’ నాటక బృందం జరిపేది అలాంటిది. బ్రెజిల్ నాటకకర్త అగస్తో బోల్ రూపొందించిన ఫోరం థియేటర్‌ని ఆ బృందం పల్లెల్లో ఆడుతుంది. కట్నం మీదో, తాగుడు మీదో నాటకం నడుస్తుంటే మధ్యలో ఆపి, ఈ చోట నువ్వైతే ఏం చేస్తావని చూసేవాళ్లని వేదిక మీదికి పిలుస్తారు. ఈ బృందం ‘ముక్తధార’ పేరుతో అంతర్జాతీయ ఉత్సవం జరుపుతుంది. దాదాపు ఇరవై ఏళ్లు ఊళ్లలో పనిచేశాకే ఆ ఉత్సవం మొదలైంది, దానికి ముందు కాదు. ఊళ్లో పని ముందు, పండగ తర్వాత అన్న ఈ వరస తప్పితే ఎంత మంచి ఉద్దేశమైనా ఐదు రోజుల ముచ్చటే అవుతుంది.

గాబరోన్‌కి కొనసాగింపు అనదగ్గ సమావేశం 1987 డిసెంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగింది. ‘మరో దక్షిణాఫ్రికాలో సంస్కృతి’ అన్నది దాని పేరు. అప్పటికి దేశం లోపల సంఘాలు పాతుకుపోయి ఉన్నాయి, వచ్చినవాళ్లలో చాలామంది ఆ సంఘాల తరఫున మాట్లాడారు. వాళ్ల ముందున్న చిక్కు చాలా నిర్దిష్టమైనది. ఐక్యరాజ్య సమితి మద్దతుతో సాగుతున్న సాంస్కృతిక బహిష్కరణ ప్రకారం దక్షిణాఫ్రికాకి వెళ్లి పాడకూడదు, అక్కడివాళ్లని పిలవకూడదు. దీనివల్ల ప్రభుత్వంతో పాటు దాన్ని ఎదిరించే నల్ల కళాకారులు కూడా బయటికి రాలేకపోతున్నారు. 1986లో పాల్ సైమన్ అక్కడి సంగీతకారులతో కలిసి చేసిన ‘గ్రేస్‌ల్యాండ్’ మీద చెలరేగిన రగడ ఇంకా చల్లారలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో వాళ్లు బహిష్కరణని ఎత్తేయలేదు, సవరించాలన్నారు. దేశం లోపలి ప్రజాస్వామిక సంఘాలు సరేనన్న కళాకారులకి మినహాయింపు ఇవ్వాలన్నారు. సరేననే అధికారం ఎవరిదన్న దాని మీద తర్వాత తగాదాలు వచ్చాయి, పైరవీలు జరిగాయన్న ఆరోపణలూ వచ్చాయి. ఐక్యరాజ్య సమితి 1991 చివర్లో సాంస్కృతిక సంబంధాలు తిరిగి మొదలుపెట్టమనే దాకా ఆ పేచీలు నడుస్తూనే ఉన్నాయి. కాకపోతే దౌత్యవేత్తలు పెట్టిన నిబంధనని కవులు, సంగీతకారులు, ఫొటోగ్రాఫర్లు కూర్చుని సవరించడం, ఆ సవరణని ప్రపంచమంతటా బహిష్కరణ నడిపే సంఘాలు లెక్కలోకి తీసుకోవడం అక్కడ జరిగింది. ఐదేళ్ల ముందు గాబరోన్‌లో అదే మనుషులకి ఆ పలుకుబడి లేదు. అది వాళ్లకి ఏ ఉత్సవ వేదికా ఇచ్చింది కాదు, మధ్యలోని ఐదేళ్లలో వాళ్లు కట్టుకున్న సంఘాలు ఇచ్చినది.